తొక్కల షెడ్డులో మూడు రోజులు

నోటీసు బోర్డుకి కాగితం అంటించి వారమైంది. వారం తర్వాత దాని మీద ఒకే ఒక్క పేరుంది. ఆ పేరు టైగర్. టైగరంటే మరెవరో కాదు, గేటు దగ్గర వాచ్‌మన్ అంకారావు వేసే బిస్కెట్ల మీద బతికే కుక్క.

జాస్మిన్‌కి ముందు నవ్వొచ్చింది. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని కాస్త నవ్వుకుంది కూడా. ఆ తర్వాత క్యాలెండరు చూసుకుంది. మే పదో తారీకు నాటికి ఆ కాగితం మీద ఇరవై పేర్లుండాలి. ఆవాళ అప్పుడే ఏప్రిల్ ఇరవై రెండు.

తిరువూరు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో ఉన్న ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో జాస్మిన్ హెచ్చార్ ఆఫీసరు. పేరు గొప్పదే. చేసే పనేంటయ్యా అంటే, నూట నలభై మందిని పనిలోకి తీసుకోవడం, హాజరు చూడడం, తగువులు పడితే విడదీయడం, సీజను అయిపోయాక మళ్ళీ ఏటికి ఎవరిని పిలవాలో రాసుకోవడం. ఆరేళ్ళుగా చేస్తోంది, మంచి మనిషన్న పేరూ తెచ్చుకుంది. గంపలగూడెం పక్క పల్లెలో పత్తి చేలకి కూలికెళ్ళిన తల్లికి పుట్టి, విజయవాడలో ఎంబీయే చదివి, ఫ్యాను కింద కుర్చీ సంపాదించుకున్న పిల్ల. ఆ కుర్చీ విలువ ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడొచ్చిన చిక్కల్లా తొక్కల దగ్గర. మామిడికాయలో గుజ్జు పోగా సగానికి దగ్గర దగ్గర తొక్కా టెంకే. అదంతా ఇన్నేళ్ళూ ఫ్యాక్టరీ వెనక షెడ్డులో పోగేసి, ట్రాక్టర్లకెత్తి, దూరంగా గుంటలో పోసి పూడ్చేవాళ్ళు. ఈగల బాధ పడలేక పక్క ఊరివాళ్ళు ఎన్నిసార్లు మొత్తుకున్నా బసవపున్నయ్యగారు, అదే ఫ్యాక్టరీ యజమాని, చూద్దాం చూద్దాం అంటూ వచ్చారు. చివరికి గుజ్జు కొనే విదేశీ కంపెనీవాళ్ళు "మీరు చెత్త పూడ్చినన్నాళ్ళూ మీ సరుకు మాకొద్దు" అనేసరికి ఆయనకి జ్ఞానోదయమైంది. చెప్పేవాళ్ళని బట్టి కదండీ వినడం! ఆ షెడ్డుకి ఆనుకునే తొక్క ఎండబెట్టి పొడి కొట్టడానికొక మిషను, టెంక పగలగొట్టి లోపలి జీడి నుంచి నూనె తీయడానికొక మిషను వచ్చాయి. మిగిలిన పిప్పి గ్యాసుకి, ఆ గ్యాసు మన బాయిలరుకే, ఆఖరి ముద్ద తోటలకి ఎరువు. తోటలోంచి వచ్చింది తోటకే పోవాలి. మాట మంచిదే, కాదన్నవాళ్ళెవరూ లేరు.

హైదరాబాదు నుంచి ఒక సలహాదారు వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, తెర మీద బాణాలు గుండ్రంగా తిప్పి, వలయ ఆర్థిక వ్యవస్థ అని గంటన్నర చెప్పాడు. వెనక వరసలో జోజిబాబు, గుజ్జు లైన్లో పనిచేసే కుర్రాడు, పెళ్ళయి ఏడాది కాలేదు, పక్కవాడి చెవిలో "ఏదో లోను స్కీమంట్రా" అన్నాడు. ఆ మాట గోడౌను దాకా పాకింది. జాస్మిన్ లేచి, కొత్త యూనిట్లోకి లైన్లో వాళ్ళనే తీసుకుంటాం, జీతం కాస్త ఎక్కువే, పని నీడపట్టునే, ఇష్టమున్నవాళ్ళు పేరు రాయండి అని చెప్పింది. నూట నలభై మందీ తలలూపారు. తలలూపిన నూట నలభై మందిలో పేరు రాసింది టైగర్ ఒక్కడే.

కాగితం పట్టుకుని బసవపున్నయ్యగారి గదిలోకి వెళ్తే, అక్కడ ఆయన అన్న కొడుకు విశ్వతేజ కూడా ఉన్నాడు. ఇంజినీరు. కొత్త మిషన్లన్నీ దగ్గరుండి బిగించింది అతనే.

"ఏమ్మాయ్, ఎంతమంది?" అన్నారు బసవపున్నయ్యగారు.

"ఇంకా ఎవరూ రాలేదు సార్."

"చూడమ్మాయ్, నేను పద్ధతిగా చెప్తున్నా. పదో తారీకు దాకా నీకు టైము. ఇరవై మందిని నిలబెట్టలేకపోయావనుకో, హైదరాబాదులో ఒక కంపెనీవాళ్ళున్నారు, యూనిట్టు మొత్తం వాళ్ళకి కాంట్రాక్టు ఇచ్చేస్తా. వాళ్ళ మనుషుల్ని వాళ్ళే తెచ్చుకుంటారు."

"మరి షెడ్డులో ఉన్న ఆడవాళ్ళు సార్? తొమ్మిది మందున్నారు."

"వాళ్ళతో ఇంకేం పనుంటుంది? మిషన్లొచ్చాక తొక్కలు ఎత్తిపోయడాలు ఉండవుగా," అన్నాడు విశ్వతేజ. చెడ్డవాడేం కాదు. ఉన్న మాట ఉన్నట్టు అనేస్తాడు, అంతే.

జాస్మిన్ బయటికొచ్చి జోజిబాబుని పిలిచింది. కుర్రాడికి నోటి దురుసు ఉన్నా అబద్ధం చెప్పడం రాదు.

"టైగర్ పేరు రాసింది నువ్వేగా?"

జోజిబాబు నేలచూపులు చూశాడు.

"సరే, అది వదిలేయ్. జీతం ఎక్కువన్నాను, నీడన్నాను. అయినా ఒక్కళ్ళూ రాలేదేం?"

"నిజం చెప్తే తిట్టరు కదండీ?"

"తిట్టన్లే, చెప్పు."

"అది శిక్ష కదండీ మేడం. లేటుగా వస్తే మూడ్రోజులు తొక్కల షెడ్డు. నన్ను నాలుగుసార్లు పంపారు. మీరు పెట్టిన రూలే కదండీ? ఇప్పుడు నా అంతట నేనే పోయి షెడ్డులో చేరానంటే మా అత్తారింట్లో ఏమనుకుంటారు? వీడేం తప్పు చేశాడో, జన్మంతా షెడ్డులో పడేశారు అనుకోరా?"

కుర్రాడు చెప్పింది నిజమే. ఆ రూలు పెట్టింది జాస్మినే. ఉద్యోగంలో చేరిన మూడో నెల. అప్పటిదాకా పది నిమిషాలు ఆలస్యమైతే సగం రోజు కూలి కోసేవాళ్ళు. అది అన్యాయమని ఆ రోజుల్లోనే పెద్దసారు బసవపున్నయ్యగారితో పోట్లాడి, కూలి కోయొద్దు, కావాలంటే మూడు రోజులు తొక్కల షెడ్డుకి పంపండి, అదే బుద్ధి చెప్తుంది అని తన చేత్తో ఉత్తర్వు రాసింది. అందరూ మెచ్చుకున్నారు. కూలి దక్కిందని కొందరు ఆడవాళ్ళు చేతులు పట్టుకున్నారు కూడా. ఆ రాత్రి అమ్మకి ఫోను చేసి గొప్పగా చెప్పుకుంది. ఆరేళ్ళపాటు ఫ్యాక్టరీలో ఎవరిని బెదిరించాలన్నా సూపర్‌వైజర్ల నోట ఒకటే మాట: "షెడ్డుకి పంపిస్తా ఏమనుకున్నావో!" ఆరేళ్ళు అలా భయపెట్టి, ఇవాళ రండి బాబూ అదే షెడ్డులోకి అని పిలిస్తే ఎవడొస్తాడు? తాను తవ్విన గోతిలో తానే పడడమంటే ఇదే మరి.

షెడ్డులో వాళ్ళకి ఎలాగూ చెప్పక తప్పదు కదా అని, ఆ మధ్యాహ్నం షెడ్డు వైపు నడిచింది. ఆరేళ్ళలో అటు వెళ్ళింది పట్టుమని పదిసార్లు లేదు. పులిసిన మామిడి వాసన, ఈగల రొద. తొమ్మిది మంది ఆడవాళ్ళు రేకుల నీడలో కూర్చుని సద్దిమూటలు విప్పుకుంటున్నారు. వాళ్ళు క్యాంటీనుకి రారు. రావొద్దని ఎవరూ రాయలేదు. వాసనొస్తోందని ఎవరో ఒకసారి ముక్కు మూసుకున్నారు, అంతే, మళ్ళీ రాలేదు.

వాళ్ళలో పెద్దది అంతోనమ్మ. యాభై ఏడేళ్ళుంటాయి. మెడలో జపమాల, మోచేతుల దాకా సొన మచ్చలు.

"రండి మేడంగారూ. దారి తప్పారేంటి?" అంది. వెటకారమో మర్యాదో పోల్చుకోవడం కష్టం.

జాస్మిన్ ఉన్నదున్నట్టు చెప్పేసింది. పదో తారీకు, ఇరవై మంది, కాంట్రాక్టు, తొమ్మిది మందికీ పని పోయే సంగతి. "నా ప్రయత్నం నేను చేస్తున్నానమ్మా. కానీ ఇది శిక్ష అనుకుంటున్నారు జనం. ఎవరూ రామంటున్నారు," అంది.

చిన్నది గ్లోరి, ఇద్దరు పిల్లల తల్లి, అన్నం ముద్ద నోటి దగ్గరే ఆపేసింది. అంతోనమ్మ మాత్రం నింపాదిగా గిన్నె మూత పెట్టింది.

"నేనొకటి అడుగుతాను, ఏమనుకోరుగా?"

"అడుగమ్మా."

"లేటుగా వస్తే మూడ్రోజులు ఇక్కడుంచుతారు. బానే ఉంది. నేను పద్నాలుగేళ్ళనుంచి ఒక్కరోజు, ఒక్కరోజంటే ఒక్కరోజు లేటుగా రాలేదు. మరి నన్నెందుకమ్మా ఇక్కడుంచారు?"

ఆ మనిషి గొంతులో కోపం కూడా లేదు, అది మరీ బాధ. గిన్నె మూటలో కట్టుకుంటూ అంతోనమ్మే మళ్ళీ అంది. "తప్పు చేసినోళ్ళు వచ్చి, ముక్కులు మూసుకుని, మూడ్రోజులూ మమ్మల్ని తిట్టుకుంటా పోతారు. మేము ఏ తప్పు చేశామో మాకిప్పటికీ తెలీదు. పోన్లెండి, ఎండనపడి వచ్చారు. మజ్జిగ తాగుతారా?"

మజ్జిగ తాగింది. ఎలా తాగిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం కాంట్రాక్టు కూలీల ఫైలు తీసి చూసింది. పద్నాలుగేళ్ళ ఫైల్లో పేజీ పేజీకీ ఒకటే ముక్క: తొక్కల షెడ్డు, స్త్రీలు, తొమ్మిది. పేర్లు లేవు. ఆరేళ్ళుగా ఆ పేజీల కింద సంతకం తనదే. అమ్మ పత్తి చేలో ఎవరి లెక్కలోనో ఇలాగే ఒక అంకెగా ఉండేది కదా అనిపించి, కళ్ళు తుడుచుకుని ఫైలు మూసింది.

మర్నాడు పొద్దున సరిగ్గా బస్టాండు దాటాక స్కూటీ మొరాయించింది. తోసుకుంటూ మెకానిక్కు దగ్గర వదిలి, షేరాటో పట్టుకుని గేటు దగ్గరికొచ్చేసరికి ఎనిమిదీ ఇరవై.

అంకారావు సెల్యూట్ కొట్టాడు. "వెళ్ళండి మేడం."

"లేటు రిజిస్టరు తే అంకారావూ."

"మీకెందుకండీ రిజిస్టరు?"

"రూలు ఎవరికైనా ఒకటే అని రాసి ఉంది. రాసింది నేనే. తే."

తన పేరు, టైము రాసి సంతకం పెట్టింది. హ్యాండ్‌బ్యాగు ఆఫీసులో పడేసి, చున్నీ నడుముకి బిగించి, తిన్నగా షెడ్డులోకి వెళ్ళింది. ఇందులో మహా త్యాగమేమీ లేదండి. నిన్న అంతోనమ్మ అడిగిన ప్రశ్న ఆమెని కుర్చీలో కూర్చోనివ్వలేదు. అంతే.

"ఏంటమ్మా ఇది?" అంది అంతోనమ్మ నోరెళ్ళబెట్టి.

"ఇరవై నిమిషాలు లేటు. మూడ్రోజులు."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. గ్లోరి ఆపుకోలేక కిసుక్కున నవ్వింది. అంతోనమ్మ కూడా నవ్వేసి, కొబ్బరినూనె సీసా తీసి ఇచ్చింది. "ముందు చేతులకి ఇది పట్టించండి. లేదంటే సొన కొట్టి సాయంత్రానికి బొబ్బలెక్కుతాయి. శిక్షకొచ్చినోళ్ళు మా మాట వినరు, మూడో రోజు లబోదిబోమంటారు."

జాస్మిన్ నూనె రాసుకుంది గానీ మోచేతులు మరిచిపోయింది. మరిచిపోయిన చోట కాలనే కాలింది.

మొదటి రోజు కొత్త మిషన్ల ట్రయల్ కోసం తొక్కలు పరిచింది. పట్టా మీద ఒక పొరగా పరవాలి, ఒకదానిమీదొకటి పడితే లోపల ఉడికిపోయి బూజు పడుతుంది. రెండో రోజు టెంకల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ అసలు పని తెలిసింది. రసాల టెంక వేరు, పీచెక్కువ. కలెక్టరు కాయ టెంక వేరు, బంగినపల్లిది వేరు. వేటికవి వేరు చేసి, కడిగి, ఎండబెట్టాలి. ఎండినవాటిని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టి ఊపుతుంది అంతోనమ్మ. గలగలమంటే జీడి ఎండింది, బుట్టలోకి. మొద్దుగా ఉంటే ఇంకా పచ్చి, మళ్ళీ ఎండకి. అరచేతిలో తేలిగ్గా ఉండి పొడి రాలిన చప్పుడైతే పురుగు తినేసింది, అవతలికి. ఆమె చెయ్యి ఎక్కడా ఆగదు. జాస్మిన్ ఊపితే అన్నీ ఒకేలా మోగాయి. గంటసేపు చూసి అంతోనమ్మ మెల్లగా బుట్ట లాగేసుకుంది.

"మీరు తొక్కల దగ్గరే ఉండండమ్మా. టెంకల జోలికి రాకండి. మంచివన్నీ పారేస్తున్నారు."

"ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నారు? ఇన్నాళ్ళూ పూడ్చేసేవేగా ఇవి?"

"పూడ్చేముందు కొన్ని ఏరుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్ళం. ఏరడమంటారా, అది చిన్నప్పుడే వచ్చు. మా అమ్మ జీడిని తిరగట్లో విసిరి, నీళ్ళు మార్చి మార్చి వగరు తీసి, అంబలి కాచేది. కరువప్పుడు అదే తిండి. పురుగు జీడి ఒక్కటి కలిసినా కుండంతా చేదు. తప్పు ఏరితే దెబ్బలు పడేవి. అలా వచ్చిందమ్మా, ఏ బళ్ళో చెప్పారు మాకు?"

మధ్యాహ్నం జాస్మిన్ "పదండి, అందరం క్యాంటీనుకి పోయి తిందాం" అంది. అంతోనమ్మ అడ్డంగా తలూపింది.

"మీరు రమ్మంటే ఇవాళ వస్తాం. మీరు లేనప్పుడు మమ్మల్ని చూసి ఎవరైనా పక్క బల్లకి జరిగితే? ఈ వయసులో మళ్ళీ ఆ మొహాలు చూడలేనమ్మా."

జాస్మిన్ బలవంతపెట్టలేదు. రేకుల కిందే కూర్చుని, గ్లోరి పెట్టిన గోంగూర పచ్చడితో తింది.

ఈలోగా ఫ్యాక్టరీ అంతా గుసగుసలే. హెచ్చార్ మేడాన్ని పెద్దసారు షెడ్డుకి పంపారట అని ఒకరు, డబ్బులేవో తిన్నదట అని ఒకరు, పాపం పిచ్చెక్కిందట అని ఇంకొకరు. లోకం నోటికి మూత ఎవరు పెడతారు? మూడో రోజు ఇక ఉండబట్టలేక విశ్వతేజ వచ్చాడు.

"జాస్మిన్ గారూ, ఏంటండీ ఈ నాటకం? అవతల పదో తారీకు ముంచుకొస్తోంది. నా తలనొప్పులు నాకున్నాయి, మొన్న ట్రయల్ తీసిన నూనె ఒకటే ముక్కిపోయిన వాసన. మిషను కంపెనీవాణ్ణి పిలిపించా, వాడికీ అర్థం కావట్లేదు."

"మిషను మంచిదే బాబూ," అంది అంతోనమ్మ తలెత్తకుండా. "మేము ఏరకముందే మీవాళ్ళొచ్చి పారలతో ఎత్తుకుపోయారు. మంచివీ చెడ్డవీ అన్నీ కలిపి పోశారు. వాసన రాక ఏమవుద్ది?"

"చూస్తే అన్నీ ఒకేలా ఉన్నాయిగా?"

"చూస్తే కాదు బాబూ, వింటే తెలుస్తాయి." ఇరవై టెంకలు పళ్ళెంలో పోసి అతని ముందు పెట్టింది. "ఏరండి చూద్దాం."

విశ్వతేజకి పౌరుషమొచ్చింది. గొంతుకూర్చుని ఒక్కో టెంకా చెవి దగ్గర ఊపి, మూడు కుప్పలు పెట్టాడు. అంతోనమ్మ కత్తిపీట తీసి ఒక్కొక్కటే చీల్చి చూపించింది. ఇరవైలో తొమ్మిది సరైనవి. గ్లోరి పైట నోట్లో కుక్కుకుంది. తర్వాత అంతోనమ్మ ఇంకో ఇరవై ఏరింది. చీల్చి చూస్తే పంతొమ్మిది. ఆ ఒక్కటీ ఎందుకు తప్పిందా అని ఆమె చాలాసేపు బాధపడింది.

విశ్వతేజ మొహం ఎర్రబడింది గానీ, లేచేటప్పుడు చిన్నగా నవ్వేశాడు. "నాలుగేళ్ళ ఇంజినీరింగులో ఈ ఒక్క పేపరూ పెట్టలేదండి నాకు," అన్నాడు.

టీ టైముకల్లా ఆ కబురు గుజ్జు లైను దాకా పోయింది. మోసింది గ్లోరియే, ఇంకెవరు! "ఇంజినీరుగారు ఫెయిలయ్యారంట! ఇరవైకి తొమ్మిదంట!" పది నిమిషాల్లో షెడ్డు గుమ్మంలో జోజిబాబు తయారు. వెనకాల ఇంకో అయిదుగురు.

"మేడం, నాకెన్నొస్తాయో ఒకసారి చూసుకోనా?"

జాస్మిన్ రా అనబోయింది. అంతలో అంతోనమ్మ అడ్డొచ్చింది.

"ఇవాళ కుదరదయ్యా. పనిలో ఉన్నాం. ఊరికే ఆడుకోటానికి కాదు ఇది."

జోజిబాబు మొహం మాడిపోయింది. తన అంతట తాను షెడ్డులోకి రాబోయి, వద్దనిపించుకుని వెనక్కిపోతున్న జోజిబాబు! జాస్మిన్ ఆ వీపునే చూస్తూ ఉండిపోయింది. నాలుగుసార్లు ఈడ్చుకొచ్చి పడేస్తే ఏడ్చినవాడు, ఒక్కసారి వద్దంటే ఉసూరుమంటున్నాడు. వారం రోజులుగా బతిమాలి బామాలి తను చేయలేని పని, అంతోనమ్మ ఒక్క కుదరదుతో చేసేసింది.

ఆ సాయంత్రమే కొత్త నోటీసు రాసి బసవపున్నయ్యగారి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు సవరించుకుని పైకే చదివారు.

"ఆలస్యంగా వచ్చినవారిని తొక్కల షెడ్డుకు పంపాలని ఆరేళ్ళ కిందట రాసిన ఉత్తర్వు తప్పు. రాసింది నేను. అక్కడ ఏ తప్పూ చేయకుండా పనిచేస్తున్న తొమ్మిది మందికి అది అవమానం. వారికి క్షమాపణ చెప్పి, ఆ ఉత్తర్వు నేటి నుంచి రద్దు చేస్తున్నాను. కొత్త యూనిట్లో పదకొండు ఖాళీలు మాత్రమే ఉన్నాయి. పరీక్ష ఉంటుంది. పరీక్ష పెట్టేది అంతోనమ్మ గారు. ఇరవైకి పద్నాలుగు వచ్చినవారికే పని." చదివి కాగితం కింద పెట్టారు. "ఏంటమ్మాయ్ ఇది? హెచ్చార్ బోర్డు మీద తప్పు ఒప్పుకుంటే రేపు నీ మాట ఎవరైనా వింటారా?"

"ఇప్పుడు మాత్రం విన్నారా సార్? టైగర్ ఒక్కడే విన్నాడు."

ఆయనకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "ఇరవై అన్నాను, పదకొండే రాశావేం?"

"తొమ్మిది మంది పద్నాలుగేళ్ళుగా లోపలే ఉన్నారు సార్. నేనే లెక్కెయ్యలేదు."

"వేలిముద్ర వేసే మనిషి పరీక్ష పెట్టడమేంటమ్మా, నలుగురూ నవ్వరూ?"

"నాకు తొమ్మిదే వచ్చాయి బాబాయ్," అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డ విశ్వతేజ. "ఆవిడ ఏరిన టెంకలు మాత్రమే పోసి ఇందాక మళ్ళీ మిషను తిప్పాను. నూనెలో ఏ వాసనా లేదు. మిషను నేను నేర్పిస్తాను. ఏరడం ఆవిడే నేర్పాలి. హైదరాబాదువాళ్ళ దగ్గర ఇది లేదు."

బసవపున్నయ్యగారు యజమాని కాకముందు రైతు. చెట్టు మీది కాయని వేలితో కొట్టి పక్వం చెప్పగల మనిషి. చెవితో ఏరడమంటే ఏంటో ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకేం అడక్కుండా సంతకం పెట్టేశారు.

పరీక్షకి అరవై రెండు మంది వచ్చారు. సగం మంది పని కోసం వచ్చారో, ఇంజినీరుగారి మీద గెలవడానికి వచ్చారో దేవుడికే తెలియాలి. అంతోనమ్మ ఉతికిన చీర కట్టుకుని, కత్తిపీట ముందు కూర్చుని, ఒక్కొక్కరి టెంకలూ చీల్చి చూపించింది. ఎవరికీ అర మార్కు ఎక్కువివ్వలేదు. తన మేనకోడలు వస్తే పన్నెండేనని వెనక్కి పంపేసింది. జోజిబాబుకీ పన్నెండే వచ్చాయి. రెండు రోజుల్లో పదకొండు మంది తేలారు. అందులో ఏడుగురు ఎప్పుడో ఒకప్పుడు షెడ్డులో మూడు రోజులు గడిపి తిట్టుకుంటూ పోయినవాళ్ళే.

పదో తారీకున ఇరవై పేర్ల జాబితా రాయడానికి జాస్మిన్ కూర్చుంది. మొదటి పేరు రాస్తూ ఆగింది.

"అంతోనమ్మ గారూ, మీ ఇంటిపేరేంటండి?"

పద్నాలుగేళ్ళలో ఆ గేటు లోపల ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. "తాళ్ళూరి," అంది అంతోనమ్మ. అని, మొహం పక్కకి తిప్పుకుని జపమాల సర్దుకుంది.

అంతా ఒక్కరోజులో మారిపోయిందనుకుంటే పొరపాటు. క్యాంటీనులో ఇప్పటికీ ఒకరిద్దరు బల్ల జరుగుతారు. గుంటలో పోయడం ఇంకా పూర్తిగా ఆగలేదు, ఈగలు ఇంకా ఉన్నాయి. అయినా ట్రాక్టర్లు అటు పోవడం రోజుకి పన్నెండు నుంచి రెండుకి తగ్గింది. అంతోనమ్మ మెడలో జపమాల పక్కన ఇప్పుడు ఫోటో ఉన్న కార్డు కూడా వేలాడుతోంది.

మే నెలాఖరులో ఒక పొద్దున జోజిబాబు మళ్ళీ అరగంట ఆలస్యంగా వచ్చాడు. లైను సూపర్‌వైజరుది ఆరేళ్ళ అలవాటు, పళ్ళు కొరికి "పో షెడ్డుకి! మూడ్రోజులు!" అని కేకేశాడు. జోజిబాబు తలొంచుకుని బయల్దేరాడు. ఆఫీసు కిటికీలోంచి చూసిన జాస్మిన్, ఆ రూలు ఎప్పుడో పోయింది కదరా అనుకుంటూ కంగారుగా వెనకే నడిచింది.

ఆమె చేరేలోపే షెడ్డు గుమ్మంలో అంతోనమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"ఎక్కడికయ్యా?"

"సూపర్‌వైజరు గారు పంపారండి. లేటయ్యాను."

"లేటైతే ఇక్కడికెందుకు? నీకు పరీక్షలో రాలేదుగా. ఇక్కడ ఖాళీల్లేవు. తప్పు చేసినోళ్ళని పెట్టుకునే చోటు కాదిది. పోయి నీ లైన్లో పని చేసుకో."

జోజిబాబు అటూ ఇటూ చూశాడు. ఏం చేయాలో పాలుపోక చెవి గోక్కుంటూ వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాక అంతోనమ్మ పిలిచింది.

"ఇదిగో అబ్బాయ్. పన్నెండు వచ్చాయంటే తక్కువేం కాదు. ఇంకో రెండేగా. రేపు ఏడున్నరకల్లా రా, డ్యూటీ ముందు అరగంట కూర్చోబెట్టి నేర్పుతాను. లేటుగా మాత్రం రామాక, నాకు గిట్టదు."

"వస్తానండీ," అన్నాడు జోజిబాబు. ఆ కుర్రాడు ఫ్యాక్టరీలో ఒకరి మాటకి ఇంత బుద్ధిగా తలూపడం జాస్మిన్ ఎన్నడూ చూడలేదు.

గుమ్మం దాటి లోపలికి వెళ్తూ అంతోనమ్మ ఆమెని చూసింది. "ఏంటమ్మా, మళ్ళీ లేటయ్యారా?"

"లేదండీ," అంది జాస్మిన్. మోచేతి మీద సొన కాల్చిన మచ్చ ఇంకా పోలేదు. దాన్ని తడుముకుంటూ, రద్దయిన రూలు సంగతి ఆ సూపర్‌వైజరుకి ఇంకోసారి గట్టిగా చెప్పడానికి గుజ్జు లైను వైపు నడిచింది.